చెక్ నుంచి అరబ్బీకి దుబాసీ

చెక్ భాషలో చెప్పింది అరబ్బీలోకి మార్చే దుబాసీ కావాలి, అదీ సాంఘిక శాస్త్రం తెలిసిన మనిషై ఉండాలి. విజయనగరంలో కూర్చుని అలాంటివాణ్ణి వెతికే పని మా కాలేజీ వాళ్ళు నా నెత్తిన రుద్దారు.

గల్ఫ్ కూలీల మీద సదస్సు అది. వ్యాసం చదివేది చెక్ దేశపు పరిశోధకురాలు, రాసిందీ చదివేదీ తన భాషలోనే. దాని మీద మాట్లాడే పెద్దాయనకి అరబ్బీ తప్ప మరోటి రాదు. ఏడాది ముందు శ్రీకాకుళం పక్క ఊళ్ళలో తిరిగినప్పుడు ఆవిడకి మనవాళ్ళ మాటలు ఇంగ్లీషులో అందించింది నేనే. ఆ వ్యాసంలో ముఖ్యమైన కథ మా అక్క మొగుడిది. ఆరేళ్ళు గల్ఫ్‌లో కట్టుబడి పని చేసొచ్చాడు. అతని తమ్ముడు ఇంకా అదే కూలీల క్యాంపులో ఉన్నాడు.

"మా పేర్లు పైకొస్తే నా తమ్ముడు ఇంటికి రాడమ్మీ" అని బావ నాచేత ఒట్టు వేయించుకున్నాడు.

నెల్లాళ్ళు ఈమెయిళ్ళు రాసీ రాసీ విసుగెత్తింది. ఒకాయన ఆసుపత్రి కాగితాలు తప్ప ముట్టనన్నాడు. చివరికి ప్రాగ్‌లో చదువుకుని అక్కడే ఉండిపోయిన సిరియా మాస్టారు ఒకాయన ఒప్పుకున్నారు. సదస్సుకి ముందు వీడియోలో తర్జుమా చదివి వినిపిస్తానన్నారు. అప్పుడు పట్టుకుంది భయం. రెండు భాషల్లోనూ నాకు ఒక్క ముక్క రాదు. ఆయన ఏమంటే అదే వేదం. బావ గుట్టు ముక్కూ మొహం తెలియని మనిషి చేతిలో పెట్టానే అనుకున్నాను.

అరబ్బీ అనగానే మా వైపు ఎవరైనా చేసే పనే నేనూ చేశాను. గల్ఫ్ వెళ్ళొచ్చిన బావనే పిలిచాను.

పొందూరు ఖద్దరు చొక్కా తొడుక్కుని పరీక్షాధికారిలా వచ్చాడు. "నాకొచ్చింది పనికాడి అరబ్బీ. పండితులది నాకేటి తెలస్తాది?" అంటూనే కంప్యూటరు ముందు కూర్చున్నాడు. మాస్టారు చదువుతుంటే తలూపాడు. ఉన్నట్టుండి ఊపడం మానేశాడు.

"'తమర్' అంటే ఖర్జూరం. 'జవాజ్' అంటే పాస్‌పోర్టు. మా పాస్‌పోర్టులు ఖర్జూరం డబ్బాలో దాసినోడు మా మేస్త్రీ ఒక్కడే. ఇది ఇంటే ఏ క్యాంపో కంపినీ ఆల్లకి తెలిసిపోద్ది. ఈయనకెవులు సెప్పినారు?"

"ఇంకెవరు, నేనే" అని ఒప్పుకున్నాను. ఒట్టు పేర్ల మీదే కదా అనుకున్నాను. బావ ఎప్పుడో ఇంట్లో మాటల్లో చెప్పిన ఆ డబ్బా సంగతి బాగుందని మురిసిపోయి ఆవిడకి పూసగుచ్చినట్టు చెప్పాను. ఆవిడ రాసింది, ఈయన తర్జుమా చేశారు. వాళ్ళ తప్పేముంది? ఇన్నాళ్ళూ దుబాసీని నమ్మొచ్చా అని వణికాను గానీ, మొదటి దుబాసీని నేనేనని తట్టలేదు.

అరబ్బీ ప్రతి ఆ పెద్దాయనకి పంపేశారా అని మాస్టారుని అడిగాను. "ఇంకా లేదు, ఈ సాయంత్రం పంపుదామనుకున్నా" అన్నారు మాస్టారు. ఆవిడకి అప్పటికప్పుడు రాసి, ఆ వాక్యం రెండు భాషల్లోనూ తీయించాను.

సదస్సు బాగా జరిగింది. దుబాసీని భలే పట్టావన్నారందరూ. నాకు మాత్రం అక్క దగ్గర్నుంచి ఫోనొస్తే చాలు, ముందు బావ తమ్ముడి సంగతే అడిగేదాన్ని. తీయించానని తెలిసినా భయం వినలేదు.

ఎనిమిది నెలలకి బావ తమ్ముడు సెలవు మీద వచ్చాడు. కళ్ళారా చూసొద్దామని అక్కవాళ్ళింటికి వెళ్ళాను. అన్నదమ్ములిద్దరూ భోజనాల దగ్గర క్యాంపు కబుర్లు చెప్పుకుంటున్నారు. నేను గుమ్మంలోకి రాగానే బావ తమ్ముడి చెయ్యి నొక్కాడు. ఇద్దరూ తలలు దించుకుని అన్నం తిన్నారు.