మేస్త్రీ గారి పెద్ద కారు

కాజిమీర్ డుడెక్‌కు ఉన్నది ఒకే ఒక్క జబ్బు: ఎవరి కారు కనపడినా నేలమీద వెల్లకిలా పడుకుని దాని కిందికి దూరడం. చర్చికి వేసుకొచ్చిన కోటుతో సైతం దూరేవాడు. లేచి దుమ్ము దులుపుకుంటూ తీర్పు చెప్పేవాడు: "పైన సోకులే వేరు. అడుగున ఇదీ నా బండే!"

కార్ల ఫ్యాక్టరీ ఊరు ఫ్లింట్‌లో ఇంతకంటే పెద్ద తిట్టు లేదు. అక్కడ బోల్టులు బిగించేవాడిది చిన్న కారు, వాడిపై అజమాయిషీ చేసే మేస్త్రీది పెద్ద కారు. వాకిట్లో నిలిచిన కారును బట్టి ఇంటికి మర్యాద. రెండూ ఒకే కంపెనీవి, ఒకే చట్రం మీద కట్టినవి. ఆ చట్రాలు బిగించి బిగించి రిటైరైన కాజిమీర్ నోట్లో ఈ సంగతి ఎలా దాగుతుంది?

ఎదురింటి బెర్నడీన్‌కు అందుకే ఒళ్లు మంట. మేస్త్రీ అయిన రోజున ఆమె మొగుడు ముచ్చటపడి కొన్న పెద్ద కారు, వెల్వెట్ సీట్లు.

"ఏమయ్యా, దీన్ని నీ డొక్కుతో పోలుస్తావా?"

"పోల్చడమెందుకమ్మా, ఒకటే అయితేనూ! నీదానికి నగలు పెట్టారంతే."

ఆ మొగుడు పోయినప్పుడు శవపేటికను తీసుకెళ్లే బండిని కూడా వదల్లేదు మహానుభావుడు. కింద చూసి లేచి, టోపీ తీశాడు. "ఇది నిజంగానే వేరమ్మా. మా మేస్త్రీ ఇన్నాళ్లకు అసలైన పెద్ద కారెక్కాడు." ఏడుస్తున్న బెర్నడీన్‌కు ఫక్కున నవ్వొచ్చింది. అంతమందిలో నవ్వించినందుకు చాలాకాలం అతనితో మాట్లాడలేదు.

ఆ చలికాలం, సాగినా అనే పక్క ఊరి నుంచి బెర్నడీన్‌కు ఫోనొచ్చింది. అక్కడున్న కూతురికి నొప్పులు మొదలయ్యాయట, తొలికాన్పు. బెర్నడీన్ కారు వాకిలి దాటిందో లేదో, ముందు చక్రాన్ని తిప్పే ఇరుసు టక్కున విరిగింది. షెడ్డువాడు, "ఆ మోడల్ సామాను రావడానికి వారం పడుతుంది మేడమ్" అన్నాడు. బిడ్డ వారం ఆగుతుందా? ఆమె లోపలికెళ్లి గంటల తరబడి ఇంకెవరెవరికో ఫోన్లు చేసింది. మంచులో బండి తీయడానికి ఒక్కరూ సరే అనలేదు.

బయటికొచ్చి చూస్తే ఆమె కారు కింద నుంచి రెండు బూట్లు కనిపించాయి.

"ఇప్పుడు కూడానా! సిగ్గు లేదటయ్యా నీకు?"

"తిట్లు తర్వాత, ముందు తాళం తిప్పు."

కారు కదిలింది. ఆమె నోరు తెరిచింది. "ఇరుసెక్కడిది?"

"పాతదొకటి పడి ఉంటేనూ..."

ఎదురు వాకిట్లో అతని చిన్న కారు ముందు చక్రం లేకుండా, దిమ్మెల మీద ఒరిగి ఉంది. బెర్నడీన్ తన కారు పక్క తలుపు తెరిచింది.

"ఎక్కు."

"వెల్వెట్టు పాడవుతుందమ్మా, ఒళ్లంతా గ్రీజు."

"ఎక్కమన్నానా! దారిలో మళ్లీ ఏదైనా విరిగితే నేనేం చేయను?"

వాళ్లు ఆసుపత్రి చేరేసరికి మనవరాలు పుట్టేసింది. చుట్టాలకు తప్ప లోపలికి ప్రవేశం లేదంది నర్సు. గ్రీజు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డ కాజిమీర్‌ను ఎగాదిగా చూసి, "ఈయన మీకేమవుతారు?" అని అడిగింది.

బెర్నడీన్ అతని మోచెయ్యి పట్టుకుంది.

"మా కార్లు అక్కచెల్లెళ్లమ్మా. ఆ వరసన చుట్టమే, లోపలికి పోనీ."