మా ఆవిడ తిప్పిన కోరపన్ను

మా ఆవిడ కట్టుడు పళ్ళు చేస్తుంది. డాక్టరు కాదు, డాక్టర్లు పంపిన అచ్చులు చూసుకుంటూ ల్యాబులో కూర్చుని చేసే మనిషి. ఇరవై రెండేళ్ళుగా అదే పని. అచ్చు మీద నంబరే తప్ప పేరుండదు. తను చేసినవి ఎవరి నోట్లో ఉన్నాయో ఆవిడకి తెలియదు. అందుకే బస్సెక్కినా, పెళ్ళికెళ్ళినా అందరి నోళ్ళలోకీ తొంగి చూస్తుంది. పక్కనున్న నాకు తల కొట్టేసినట్టుంటుంది.

కోరపన్నును వెంట్రుకవాసి పక్కకి తిప్పడం ఆవిడ పద్ధతి. "మరీ వరుసగా ఉంటే అబద్ధమని తెలిసిపోదుటండీ?" అంటుంది.

ఆవిడ సభ్యురాలిగా ఉన్న సేవా క్లబ్బు ఏటా హైస్కూలు పిల్లల్ని పిలిచి రకరకాల వృత్తులు పరిచయం చేస్తుంది. హాల్లో వృత్తికో బల్ల, బల్లకో డబ్బా. పిల్లలకి తలా ఒక చీటీ. ఏ డబ్బాలో వేస్తే ఏడాదంతా ఆ వృత్తివాళ్ళ దగ్గర పని చూడొచ్చు. పోయినేడు మా ఆవిడ డబ్బాలో పడింది ఒక్క చాక్లెట్ కాగితం. ఈసారీ అంతే అయితే బల్ల ఎత్తేస్తామన్నారు. పాపం, వారం రోజులు ఉపన్యాసం వల్లె వేసింది. నన్ను పదో తరగతి పిల్లాణ్ణి చేసి కూర్చోబెట్టి, ఆవలిస్తే చీవాట్లు పెట్టింది.

ఆ రోజు క్లబ్బు అధ్యక్షుడుగారు మైకందుకున్నారు. "క్రమశిక్షణంటే ఏంటో తెలుసా? నాకు అరవై ఎనిమిదేళ్ళు. ఒక్క పన్ను కదల్లేదు, చూడండి!" అని ఇకిలించారు.

మా ఆవిడ కుర్చీలోంచి ఎగిరి లేచింది. "అవి నావే! ఆ కోరపన్ను తిప్పింది నేనే!"

హాల్లో తలలన్నీ ఆయన నోటి వైపు తిరిగాయి. నేను బల్ల కిందకి దూరిపోదామనుకున్నాను. అధ్యక్షుడుగారి చెవులు ఎర్రబడ్డాయి. అంతలో ఆయనకే నవ్వాగలేదు. "దొరికిపోయానమ్మా!" అన్నారు మైకులోనే. ఇక చూడాలి, పిల్లలు కడుపులు పట్టుకుని బెంచీల మీద దొర్లారు. నాకైతే కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి.

పిల్లలంతా మా బల్ల మీదకి ఎగబడ్డారు. చూపించడానికి పెట్టిన నమూనా దవడలు టకటకలాడించారు, వాటితో ఒకళ్ళనొకళ్ళు కరిపించుకున్నారు. ఆ తర్వాత చీటీలు తీసుకెళ్ళి బుద్ధిగా పక్క బల్ల మీది డాక్టరుగారి డబ్బాలో వేశారు. వల్లించిన ఉపన్యాసం వల్లించినట్టే ఉండిపోయింది. మా ఆవిడ నవ్వుతూనే దవడలు సర్దుకుంటోంది గానీ, ఆ నవ్వు నాకు తెలుసు. నా ప్రాణం ఉసూరుమంది.

ఒక పిల్ల మాత్రం వెళ్ళలేదు. ఇందాక అందరూ పడీపడీ నవ్వుతుంటే తను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వింది. ఇప్పుడూ ఆ చెయ్యి తియ్యకుండానే అడిగింది. "ఆంటీ, ముందు పన్ను సగం విరిగితే... అలాంటిది చెయ్యడం నాకూ వస్తుందా?"

మా ఆవిడ పళ్ళ నమూనాలు చెక్కే మైనం ముద్దా, చాకూ ఆ పిల్ల ముందుకి జరిపింది. పిల్ల చీటీని డబ్బాలో పడేసి కూర్చుంది. మైనం చెక్కాలంటే రెండు చేతులూ కావాలి. ఒక్క క్షణం ఆగి, నోటి మీది చెయ్యి తీసి చాకు పట్టుకుంది.