బైబిల్ చివరి పేజీలో బిల్లీ

మొన్న సంఘంలో ఎవరో పాత తోలు అట్ట బైబిల్ తెరిచారు. ఆ ముక్కిన వాసనకి ఎనభైల నాటి అమెరికాలో మేమున్న వర్జీనియా గుర్తొచ్చింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు.

మా చర్చిలో మార్తా ఆంటీ అనే పెద్ద వయసు తెల్లావిడ తన వంశ చరిత్ర రాస్తున్నారు. ఆవిడకి చూపు ఆనక, ముత్తాతగారు తన బైబిల్‌లో రాసి పెట్టుకున్న ఇంట్లోవాళ్ళ పేర్లు నా చేత చదివించుకునేవారు. అమ్మ పక్కనే కూర్చునేది.

చివరి పేజీలో ఎవరికీ ఇంటిపేర్లు లేవు.

"బిల్లీ, ఏడేళ్ళు. మా అమ్మాయి పెళ్ళికి కానుకగా ఇచ్చాను" అని చదివాను. "పెంచుకోవడానికా ఆంటీ? మా అమ్మని కూడా వాళ్ళ పెద్దమ్మకి అలాగే ఇచ్చేశారు!"

ఆంటీ ముఖం పాలిపోయింది. "కాదు హనీ. వాళ్ళు బానిసలు. ఆ పేజీ స్కిప్ చేసెయ్."

"మరి బిల్లీ వాళ్ళమ్మ ఊరుకుందా?"

అమ్మే నాతో, "స్కిప్ చెయ్యకు. మెల్లగా చదువు, ఆంటీ రాసుకుంటారు" అంది.

ఆంటీ పెన్ను తీసి "బిల్లీ" అని రాశారు.

ప్రతి బిడ్డ పేరూ దేవుడెరుగునని నేను నమ్ముతాను. కానీ ఆయన వాక్యం ఉన్న పుస్తకంలోనే ఒక పిల్లవాణ్ణి కానుకగా రాసిన ఆ ముత్తాతగారి చెయ్యి ఎక్కడా వణకలేదు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.