రక్సౌల్‌లో విప్పిన ముడుపు

పోస్టుకు చేరేసరికి సాయంత్రం నాలుగు. మోకాలి లోతు మంచు. నేపాల్ ఉత్తరపు కొసన, టిబెట్ కనుమ కింద రెండు రాతి గదులు, ఒక వైర్‌లెస్ స్తంభం. టిబెట్ వైపు కాపలాకి, నేపాల్ ఒప్పుకోలుతో మన మిలిట్రీ పోస్టులు అక్కడ పెట్టిన కొత్తలు. కోడుమూరు ఎండల్లో పెరిగిన నాకు మొదటి వారమంతా పళ్లు టకటకమంటూనే ఉన్నాయి.

నేను ఆపరేటర్ని. ఉదయం ఆరింటికి, సాయంత్రం ఆరింటికి సెట్టు ముందు కూర్చోవాలి. బ్యాటరీలు చలికి చచ్చిపోకుండా దుప్పట్లో చుట్టి పక్కలో పెట్టుకుని పడుకునేవాణ్ణి. కట్టుకున్నదాన్ని కూడా ఎవరూ ఇంత భద్రంగా చూసుకోరని సుబేదారు ఎగతాళి చేసేవాడు.

మా వంటాయనది కోడుమూరు పక్క పల్లె. ఆ ఎత్తులో బియ్యం సరిగా ఉడకదు. పలుకు అన్నంలో ఎండుమిరప కారం కలిపి, కళ్లు మూసుకుని తినమనేవాడు.

ఆయన భార్యకు అంతకుముందు రెండు కాన్పులు నిలవలేదు. మళ్లీ నెల తప్పిందని ఉత్తరం వచ్చిన రోజు, చేతికొచ్చిన మొహరులన్నీ తడి పసుపుగుడ్డలో పెట్టి ముడి వేశాడు. మొహరంటే నేపాల్ వెండి నాణెం. మా ఖర్చులకు అవే ఇచ్చేవారు. తల్లీ బిడ్డా క్షేమంగా ఉంటే మంత్రాలయం హుండీలో వేస్తానని మొక్కుకున్నాడు.

శీతాకాలం ముదరకముందే ఆర్డరు వచ్చింది. “నలుగురు దిగండి. వంటమనిషికి బదులు లేదు. అతను ఉండాలి. ఓవర్.”

నేనే రాసుకుని, నేనే చదివి వినిపించాను. ఆయన గరిటె తిప్పుతూనే ఉన్నాడు. పొద్దున ముడుపు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

“మా ఆడమనిషికి ఇయ్యప్పా. కాన్పయినాక వాళ్లే పోయి హుండీలో ఏసొస్తారు.”

విప్పొద్దని చెప్పలేదు. సీమవాడికి ఆ మాట వేరే చెప్పాలా అనుకుని ఉంటాడు.

కంచరగాడిదల వెంట నడిచి, తర్వాత లారీ ఎక్కి సరిహద్దు దాటాం. రక్సౌల్‌లో దుడ్లు మార్చేవాళ్లు రోడ్డు పక్కనే చాపలు పరిచి, నాణేలు కుప్పలు పోసుకుని కూర్చున్నారు. ఈడ దాటితే వీటికి చిటికెడు ఉప్పు కూడా రాదన్నాడు ఒకడు. అందరం జేబులు దులిపాం. నావి అయిపోయాక నా చెయ్యి ముడుపు మీదికి పోయింది. చెల్లని నాణేలు హుండీలో వేసి ఏం లాభం అనుకున్నాను. తెలివి ఎక్కువైంది. ముడి విప్పి, నోట్లు తీసుకుని, నాదొక రూపాయి కూడా కలిపి మళ్లీ కట్టాను. గుంతకల్లు దాకా రైల్లో నన్ను నేనే మెచ్చుకున్నాను.

వాళ్లింటికి పోయేసరికి ఆ పిల్ల నిండు చూలాలు, వసారాలో జొన్నలు చెరుగుతోంది. నాణేల ముడుపు వస్తోందని ఆయన ముందే ఉత్తరం రాసి ఉన్నాడు; అది చేతిలో పడగానే బరువు లేదని ఆమెకు తెలిసిపోయింది.

“ముడి ఎవురిప్పినారన్నా?”

చెప్పాను. ఆ నాణేలు మన దేశంలో చెల్లవని కూడా చెప్పాను.

“దేవునిదేమన్నా అంగడా, చెల్లకపోనీకి?” అంది ఆమె అత్త. లోపలికి పోయి నాకు మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

మళ్లీ అవే నాణేలు తేవచ్చా అని ఆ పిల్ల అడిగింది. అవి ఏ కుప్పలో కలిశాయో నాకేం తెలుసు. కుదరదని తల అడ్డంగా ఊపాను.

కాన్పులో బిడ్డ దక్కలేదు. పేగు మెడకు చుట్టుకుందని మంత్రసాని చెప్పింది. నాణేలకూ దానికీ సంబంధం లేదని నాకూ తెలుసు. కానీ నొప్పులు వచ్చేనాటికి ఆ పిల్లకున్న ధైర్యం ఆ ముడుపొక్కటే. దాన్ని నేను దారిలో అమ్ముకుని వచ్చాను. వంటాయన ఎండాకాలంలో దిగివచ్చాడు. నన్ను చూడగానే, అన్నం తిన్యావా అప్పా అని అడిగాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

మిలిట్రీలో ఏం చూశావని ఊళ్లో అడిగితే మంచు గురించి చెబుతాను. నా కళ్లలో ఉండేది వేరే. తడి పసుపు ఆరిన ఆ గుడ్డ మీద నాణేల గుండ్రటి గుర్తులు అలాగే ఉన్నాయి. ఆ రోజు వసారాలో ఆ పిల్ల నోట్లు పక్కన పెట్టి, గుడ్డను మోకాలి మీద పరిచి, ఒక్కో గుర్తునూ వేలితో తడిమి చూసింది.