సిద్దిపేటలో ఆగిన పాట

అలసిన కాళ్ళను బస్సు మెట్టు దాకా నడిపించి, తిరిగి క్షేమంగా చేర్చిన దేవునికి ముందుగా స్తోత్రం. గొంతునిచ్చినవాడు ఆయనే. దాన్ని కాసేపు దాచిపెట్టిందీ ఆయనేనని ఈ ప్రయాణం తరువాత నమ్ముతున్నాను. ఆయన నామానికి మహిమ చెల్లించి, జరిగింది చెబుతాను.

నేను హైదరాబాదులో ఎం.ఫిల్. విద్యార్థిని. వారమంతా గ్రంథాలయంలో, శని ఆదివారాలు మా సంఘపు సంగీత నాటక బృందంతో ఊళ్ళలో గడుస్తాయి. సోమవారం పొద్దున పుస్తకం ముందు కునికిపాట్లు పడని వారం నాకు గుర్తులేదు.

ఈసారి సిద్దిపేట సంఘం వారు పిలిచారు. నాటకం ఆదివారం సాయంత్రం నాలుగింటికి. మర్నాడు సోమవారం ఉదయం పదింటికి నా మౌఖిక పరీక్ష. పరీక్షకులు దూరం నుంచి వస్తున్నారు. ఆ రోజు తప్పితే మళ్ళీ ఎన్నాళ్ళకో చెప్పలేమన్నారు. హాస్టల్లో నా గడువేమో ఈ నెలతో సరి. బుధవారం నుంచే గొంతు బొంగురుపోయింది.

"మాట్లాడే పరీక్షమ్మా అది. మాట లేకుండా వచ్చి ఏం చేస్తావు?" అన్నారు మా గైడు.

కాని నాటకంలో తల్లి వేషం నాది, పాటలన్నీ ఆ తల్లివే. నాకు బదులు పాడేవారు లేరు. సంఘానికి మాట ఇచ్చాం. పాటలకు తప్ప నోరు విప్పకూడదని ఒట్టు పెట్టుకుని బయలుదేరాను.

శనివారం ఒంటిగంటన్నరకు సికింద్రాబాదులో ఎర్ర బస్సు ఎక్కాం. బృందమంటే ముగ్గురమే: నేను, హార్మోనియం వాయించే సంతోషం మాస్టారు, డోలక్ వాయించే రూబేను. హార్మోనియానికి లగేజీ టికెట్టు కొడతానని కండక్టరు, ఒళ్ళో పెట్టుకుంటానని మాస్టారు వాదించుకున్నారు. అల్వాల్ దాటేదాకా తెగలేదు. చివరికి మాస్టారే గెలిచారు, గజ్వేల్ చేరేసరికి ఆయన కాళ్ళు తిమ్మిరెక్కాయి.

గజ్వేల్‌లో ఖాళీ కూరగాయల గంపతో ఒక పెద్దావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది.

"ఏ ఊరు బిడ్డా?"

నేను నవ్వి తల ఊపాను.

"అడిగితే చెప్తలేవేంది? ఇంట్ల లొల్లి పెట్టుకొని వచ్చినవా?"

వెనక సీటులోంచి రూబేను అందుకున్నాడు. "గొంతు పోయిందమ్మా. పాటలు పాడుతది గీ అక్క."

"పాడెటోళ్ళకు గొంతు పోతదా? మరి నువ్వేం చేస్తవ్?"

"నేను డోలక్ కొడ్త."

"గందుకే పోయింది," అంది ఆవిడ. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. కొంగు ముడి విప్పి రెండు లవంగాలు నా చేతిలో పెట్టింది. "నమలకు. దవడకు పెట్టుకో. మా రాజన్నకు నీ పేరు మీద మొక్కుత, పేరేంది?"

"కరుణ," అన్నాడు రూబేను. ఆవిడ ఆ పేరు రెండుసార్లు పలుక్కుని కళ్ళు మూసుకుంది. ఆమె దేవుడు వేరు, నా దేవుడు వేరు. అయినా ఆ లవంగాలు సిద్దిపేట దాకా దవడనే ఉంచుకున్నాను.

నాలుగున్నరకు దిగాం. బస మందిరం పక్కనే సువార్తమ్మ గారింట్లో. ఆమె దవాఖానలో ఆయాగా చేసి రిటైరయ్యారు. రాత్రి భోజనానికి జొన్నరొట్టె వడ్డించి, పచ్చిపులుసు గిన్నె నాకు అందకుండా జరిపేశారు. "ఇది మాకు. నీకు మిరియాల చారు. ముఖం ముడుచుకోకు!"

ఆదివారం ఆరాధనలో అందరూ పాడుతుంటే పెదవులు మాత్రం కదిపాను. చిన్నప్పటి నుంచి సంఘంలో పెరిగినదాన్ని; పాట రాని ఆదివారం పరాయి ఊరిలా ఉంది.

మందిరం ఆవరణలో షామియానా వేశారు. నాలుగు కాకముందే జనం నిండారు. కథ అందరికీ తెలిసిందే. ఒక తల్లికి లేక లేక కలిగిన కొడుకు జబ్బుపడి చనిపోతాడు, ప్రవక్త వచ్చి ప్రార్థించి బతికిస్తాడు. కొడుకు వేషం రూబేనుది. మీసాలు తీయడానికి ఒప్పుకోడు, అందుకని ముక్కుదాకా దుప్పటి కప్పుతాం. ప్రవక్త మాస్టారు. కొడుకు చాప మీద పడుకోగానే తల్లి మోకరించి పెద్ద ప్రార్థన పాట పాడుతుంది. దానికి వాయిద్యాలుండవు, వాయించేవాళ్ళలో ఒకరు దుప్పటి కింద, ఒకరు తెరవెనక గడ్డం అంటించుకుంటూ ఉంటారు మరి. ఆ పాట తరువాత కొడుకు చనిపోవాలి. ఆపైన తల్లికి ఇంకా మూడు పాటలున్నాయి, అన్నీ ఏడుపు పాటలే, అన్నీ పైస్థాయిలోవే.

మొదటి పాటలు ఎలాగో గీరుకుంటూ పాడాను. ప్రార్థన పాట రెండో చరణం ఎత్తుకున్నాను. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ ప్రయత్నించాను. అదే గాలి. జనమంతా చూస్తున్నారు. నేను సిగ్గుతో తల వంచి, రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాను. పరీక్షా పోయింది, నాటకమూ పోయింది అనుకున్నాను.

అప్పుడు ముందు వరుసలో సంఘ పెద్ద లేచి నిలబడ్డారు. "ప్రార్థన చేద్దాం," అన్నారు. ఆ మాట వింటే ఆ జనం ఇక నాటకమని చూడరు. తలల మీద కొంగులు కప్పుకున్నారు, కళ్ళు మూశారు, ఎవరికి వారు పైకే ప్రార్థించసాగారు. "ప్రభువా, పిల్లగానికి పాణం పొయ్యి తండ్రీ!" అని ఒక అవ్వ ఏడుస్తోంది. తెరవెనక నుంచి మాస్టారు తల బయటపెట్టి చూసి మళ్ళీ లోపలికి లాక్కున్నారు. రూబేను దుప్పటి కింద వణుకుతున్నాడు, జ్వరంతో మాత్రం కాదు.

ప్రార్థన చాలాసేపు సాగింది. పెద్దాయన "ఆమెన్" అన్నారు, అందరూ "ఆమెన్" అన్నారు. అందరి కళ్ళూ చాప మీదికే తిరిగాయి. ఇప్పుడు రూబేను చావాలి.

ఇంతలో ఆ అవ్వ చాప దగ్గరికే వచ్చి వంగింది. "లే బిడ్డా! గింతమందిమి ప్రార్థన చేస్తిమి, ఇంక పండుకుంటవేంది?"

రూబేను దుప్పటిలోంచి నావైపు చూశాడు. నేను కళ్ళతోనే లెమ్మన్నాను. వాడు లేచి కూర్చున్నాడు. ఆ మీసాలు చూసి కూడా ఎవరూ నవ్వలేదు. చప్పట్లు, స్తోత్రాలు, ఎవరో పాట అందుకున్నారు, సంఘమంతా కలిసింది. నాటకం అక్కడితో సరి. నా మూడు పాటలూ మిగిలిపోయాయి.

"నేనే రాలేదు గదయ్యా ఇంకా! ప్రవక్త లేకుండనే బతికిస్తిరి," అన్నారు మాస్టారు, గడ్డం సగం ఊడి చేతికి వస్తుంటే.

ఆరున్నరకు బస్టాండుకు వచ్చాం. సువార్తమ్మ గారు ఫ్లాస్కులో వేడినీళ్ళు తెచ్చారు. నా మొహం చూసి నెమ్మదిగా అన్నారు, "మాకు తెల్వదనుకున్నవా? రెండో పాటకే మా పెద్దాయనకు ఎరుకైంది, నీకు గొంతు లేదని. గందుకే లేచిండు. మేం చేసింది పిల్లగాని కోసం సగం, నీకోసం సగం."

 ఆమె చేతులు పట్టుకుని నిలబడ్డాను.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఒళ్ళంతా నొప్పులు, రేపు చెప్పాల్సినవి తలలో ఒక్కటీ నిలవడం లేదు. నేను మోకరించింది వేషంలో. తల వంచింది సిగ్గుతో. అందులో భక్తి ఎంతో నాకే తెలియదు. వాళ్ళ ప్రార్థన మాత్రం నిజం. ఎన్నో ఊళ్ళలో ఎన్నో చప్పట్లు విన్నాను. నాకోసం ఒక ఊరు నాటకాన్నే ఆపేయడం ఎక్కడా చూడలేదు.

సిద్దిపేట దాటాక కండక్టరు నా దగ్గరికి వచ్చాడు. "ఎక్కడికమ్మా?"

మాస్టారు, రూబేను అప్పటికే నిద్రపోతున్నారు. "సికింద్రాబాదు," అన్నాను. బొంగురుగా, చిన్నగా, కాని మాటే వచ్చింది.

పరీక్ష రేపు ఉదయమే. మీరిది చదివేసరికి ఆ పది గంటలు ఎప్పుడో దాటిపోయి ఉంటాయి. అయినా దేవునికి నిన్న, రేపు అడ్డం కావు కదా. అందుకని చదువరులారా, ఒక్క నిమిషం నాతో తల వంచండి: తండ్రీ, కరుణకు పాట అక్కరలేదు, అడిగినదానికి జవాబు చెప్పేంత గొంతు చాలు, అది దయచేయండి. ఆమెన్.