ముట్టుకోకూడని మేకర్ ల్యాబ్

కిందటి వారం జి.మాడుగుల అవతల మా పాత ఆశ్రమ పాఠశాలలో పిల్లలు సొంతంగా వస్తువులు చేసి నేర్చుకునే మేకర్ ల్యాబ్ తెరుస్తున్నారని, రిటైరైన పెద్దదాన్ని కదా అని నన్నూ పిలిచారు. కొత్తగా చేరిన టీచర్లు ఇద్దరు పెట్టెలు విప్పి, ఫోనులో వీడియో చూస్తూ, అందులో చెప్పినట్టే ఒక చక్రాల బండి బిగించి, బల్ల మీద నడిపించి, ఫొటోలు గ్రూపులో పెట్టుకున్నారు. ఆడపిల్లలు గోడవార చేతులు కట్టుకుని చూశారు. ఓ పిల్లగుంట ఊడిన చక్రం అందుకోబోతే, "ముట్టుకోకు, ఆఫీసర్లు రావాలి!" అని కసిరారు. చేసి నేర్చుకోవడమెలాగో ట్రైనింగులో నేర్చుకొచ్చినవాళ్లట! ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది.

ఏజెన్సీలో నాతోపాటు పనిచేసిన మీకు తెలియనిది కాదు, ఆ రోజుల్లో హాస్టలుకి నీళ్లు కింద పారే గెడ్డ నుంచే మొయ్యాలి. నేను చేరిన వానాకాలంలోనే ఓ పిల్ల బిందెతో సహా జారిపడి కొట్టుకుపోతుంటే, తోటి పిల్లలు జుట్టు పట్టి ఒడ్డుకి లాగారు. బతికింది గానీ, ఆ తర్వాత ఒక్కరూ గెడ్డకి దిగనంటే దిగనన్నారు. అప్పుడు మా పెద్ద టీచరమ్మగారు పాఠాలు ఆపేసి, బడి వెనక కొండ మీది ఊట నుంచి వెదురు దోనెల్లో నీళ్లు తెద్దామన్నారు. పిల్లలే వెదురు చీల్చారు, కణుపులు కొట్టారు, పంగల కర్రలు పాతారు. ఒకసారి నీళ్లు సగంలోనే నిలిచిపోయాయి, ఇంకోసారి దోనెలన్నీ కూలిపోయాయి.

"వాలు సాల్నేదే గుంటా, ఇంకా దించు!" అని ఒకతె, దించితే బురదపాలే అని మరొకతె జుట్లు పట్టుకునేదాకా వెళ్లారు. నేనే కట్టేస్తానని ముందుకెళ్లబోతే పెద్ద టీచరమ్మగారు నా చెయ్యి పట్టుకుని ఆపి, రెండూ చేసి చూడమని వాళ్లకే చెప్పి, వానలో గొడుగేసుకుని నిలబడ్డారు. చివరికి వంటశాల ముందు గోళెంలో నీళ్లు పడుతుంటే, గెడ్డలో జారిపడ్డ పిల్లే అందరికంటే ముందు దోసిలి పట్టింది. నాకు ఏడుపాగలేదు.

ఇదంతా చెబితే, ఆ కొత్త టీచర్లలో ఒకావిడ మర్యాదగానే విని, "మరి మార్కులు దేనికి వేశారు మేడం?" అని అడిగింది. ఆ మనిషికి జవాబు దండగనిపించి, టీ కూడా తాగకుండా వచ్చేశాను.

ఇప్పుడక్కడ కుళాయి ఉంది, ఏ పిల్లా ప్రాణం మీదకి తెచ్చుకోనక్కర్లేదు, సంతోషమే. కానీ ఆ రోజుల్లో కత్తి చేతికిస్తూ పిల్లల వేళ్లు తెగుతాయేమోనని భయపడేవాళ్లం. ఇప్పటివాళ్ల భయమంతా సామాను చెడిపోతుందేమోననే.