రాళ్ళకు పాలిష్ పట్టిన భూమేశ్వర్

ముందుగాల ఒక్క ముచ్చట సాఫ్ చేసుకుందాం. పెర్కిట్ భోజన్న చిన్న కొడుకు భూమేశ్వర్‌కు కంప్యూటర్ చూసి చూసి పిచ్చి లేసిందని ఆర్మూర్ మొత్తం చెప్పుకుంటున్నరు. గది అబద్ధం. కంపెనోళ్ళు మెడలు పట్టి ఎల్లగొట్టిండ్రన్నది గూడ అబద్ధమే. డ్రమ్ముల రాళ్ళు పోసి తిప్పి అండ్లకెళ్ళి బంగారం తీసిండని బస్టాండు కాడి హోటల్ల ఒకాయన కండ్లతోటి చూసినట్టే చెప్పబట్టె. రాళ్ళు తిప్పిన మాట ఒక్కటే నిజం. ఎందుకు తిప్పిండో అడిగినోడు ఒక్కడు లేడు గని నవ్వినోళ్ళు మాత్రం ఊరంత ఉన్నరు.

భూమేశ్వర్ చిన్నప్పుడు గట్టి పోరడు. ఎనభై ఐదు, ఎనభై ఆరుల సంగతి. కబడ్డీ ఆటల దిగిండంటే అవుతలోళ్ళు గీత దాటనీకె జంకేది. కల్లంల పసుపు సంచి ఎత్తి బండిల ఏసుడు ఆయనకు ఆట. పెద్దోడు దేవన్న ఏడో తరగతిల బడి బంద్ చేసి నాయిన ఎంబడి పొలం పట్టిండు. చిన్నోడు నిజామాబాద్ల డిగ్రీ చేసిండు, తొంభై రెండుల హైదరాబాద్ పోయిండు, కంప్యూటర్ నేర్సుకున్నడు, నౌకరి కొట్టిండు.

గాడికెళ్ళే అన్నదమ్ములకు చెడ్డది. తప్పంత ఒక్కరిదే అంటే పాపం తగుల్తది. దేవన్న నోరు మంచిది కాదు. "నేను మన్ను పిసుకుత, వీడు మీటలు ఒత్తుతడు. మీటలొత్తినోడికే ఊర్ల సలాం" అని మండేటోడు. చిన్నోడు తక్కువోడా? వచ్చినప్పుడల్ల చేతులు జేబుల పెట్టుకొని కల్లంల నిలబడి, "ఇంకా చేతుల్తోనే తిప్పుతున్నరా అన్నా? దునియా ఎక్కడికో పోయింది" అని పుండు మీద కారం చల్లేటోడు.

తిప్పేది పసుపు డ్రమ్ము. పసుపు ఉడకబెట్టి ఎండబెట్టినంక కొమ్ముల మీద పొట్టు, ఏర్లు మిగుల్తయి. ఇనుప డ్రమ్ముల పోసి, అటిద్దరు ఇటిద్దరు పిడి పట్టి తిప్పితే కొమ్ములు ఒకదానికొకటి రాసుకొని నిగనిగ తేల్తయి. దేవన్న కల్లంల గా పిడి నీలవ్వది. భోజన్న బతికున్నప్పటిసంది ప్రతి పంటకు ఆమెనే. ఆమె తోడికోడలు గంగమణి పక్కన పడ్తది, ఇంకిద్దరు ఆడోళ్ళు అవుతల పట్టుకుంటరు. ఎండాకాలం కైకిలి, కూలి పైసలు అంటే వాళ్ళకు గా డ్రమ్మే.

ఇగ భూమేశ్వర్ పని సంగతి. పాత ప్రోగ్రాములు రాసినోళ్ళు మిషన్ల జాగ మిగుల్తదని సంవత్సరానికి వెనుక రెండంకెలే పెట్టిండ్రట. రెండు వేల సంవత్సరం వచ్చిందంటే రెండు సున్నలు పడ్తయి, మిషన్ దాన్ని పందొమ్మిది వందలనుకొని లెక్కలన్నీ ఆగం చేస్తదట. గా రెండంకెలు వెతికి వెతికి నాలుగు చేసుడే ఈయన నౌకరి. ఎవ్వలో ఎన్నడో మిగిలిచ్చిన జాగకు ఇయ్యాల ఈయన నడుము అరగబట్టె. పొద్దుగాల కూసున్నోడు మాపటికి లేసేటోడు. కుర్సీలనే మిర్చీలు, కుర్సీలనే చాయ్. పొట్ట వచ్చి టేబుల్‌కు తాకింది. ఓనాడు ఇంటికి పోదామని లేవబోతే లేవరాలే. ఇద్దరు దోస్తులు చెరో రెక్క పట్టి గుంజితే కుర్సీ గూడ ఎంబడే లేసింది. నవ్విండ్రు. ఈయనకు మాత్రం కండ్లపొంటి నీళ్ళు కారినయి.

దవాఖానల డాక్టర్ ఫోటో తీపిచ్చి చూసి, "నడుము లోపట బొక్కకు బొక్కకు నడుమ మెత్త జారింది. రెండు నెలలు కుర్సీ ముట్టకు. మెల్లగ నడువు, ఒళ్ళు గట్టి చేసుకో. వానకాలం దాకా నడుము నిలబడకపోతే కూసునే పని బంద్ చేసి ఇంకో పని చూసుకో" అన్నడు. భూమేశ్వర్‌కు ఇంకో పని వస్తే గద! తలకాయ తప్ప తన కాడ ఇంకేం మిగల్లేదని గప్పుడు తెల్సింది.

తొంభై తొమ్మిది ఫిబ్రవరిల ఛుట్టీ పెట్టి పెర్కిట్ వచ్చిండు. పొద్దుగాల చెడ్డీ ఏసుకొని సిద్ధులగుట్ట దిక్కు ఉరికేటోడు. మన దగ్గర దొంగలు ఉరుకుతరు, బస్సు తప్పినోళ్ళు ఉరుకుతరు. పని లేకుండ ఉరికినోడిని ఎవ్వలు చూసిండ్రు? కుక్కలు ఎంబడి పడ్డయి. కమీషన్ దుకాణం రామకిష్టయ్య సేటు పండ్లు తోమే పుల్ల నోట్ల పెట్టుకొనే, "ఏం భూమేశ్, పోలీసోళ్ళు దగ్గరికొచ్చిండ్రా?" అన్నడు. "నీ సంగతే అడిగిండ్రు సేటూ" అని ఈయన ఎదురిచ్చిండు. గా దినంసంది సేటు గూడ పగ పట్టిండు.

ఉరుకుడు బందయింది. ఒకనాడు కల్లంలకు పోయి, గంగమణి నీళ్ళు తాగనీకె పోతే ఆమె పిడి పట్టుకున్నడు. రెండు సుట్లకే ఆయాసం. నీలవ్వ పగలబడి నవ్వింది. "చిన్న పటేలా, పసుపు తిరుగుతుందా, నీ పొట్ట తిరుగుతుందా?"

నవ్వితే నవ్విండ్రు గని, రోజు పోయిండు. డాక్టర్ మెల్లగ చెయ్యమన్నది ఈయన చెవిల సగమే పడ్డది. అయినా ఒళ్ళు దారికొచ్చింది. పిడి మీదికి పోయినప్పుడు భుజం, కిందికి వచ్చినప్పుడు నడుము, ఏది ఎక్కడుందో ఎరికయితుండె. ఇన్నేండ్లు తలకాయను మోసే డబ్బా లెక్క చూసిన ఒళ్ళు ఇది నాదే గద అనిపించింది. రాత్రి మంచిగ నిద్ర పట్టింది. ఎవ్వలి మీద కోపం గూడ రాలే.

దేవన్న చూసిండు. వీడొక్కడు ఇద్దరి పెట్టు తిప్పుతుండు, ఊకెనే తిప్పుతుండు. తెల్లారి నీలవ్వను, గంగమణిని రావద్దన్నడు.

నీలవ్వ రాకుండ ఉంటదా? కొంగు నడుముకు చుట్టుకొని కల్లంలకు వచ్చి పిడి ముంగట నిలబడ్డది.

"జరుగు చిన్న పటేలా. నీ కసరత్‌కు నా పొట్టనే దొరికిందా?"

"నేనేం చేసిన నీలవ్వా? మా కల్లం, మా డ్రమ్ము, నేను తిప్పుకుంటున్న."

"నీకు అరగక తిప్పుతున్నవ్, నేను తిననీకె తిప్పుత. రెండొక్కటేనా?"

భూమేశ్వర్‌కు రోషమొచ్చింది. రోషంల ఉన్న తెలివి గూడ పోయింది. "గంత బాధైతే నేను తిప్పనే తిప్ప. మోటర్ పెట్టిస్త, బెల్టు పట్టా ఏస్తే దానంతట అదే తిరుగుతది. ఎవ్వలకు ఎవ్వలు అడ్డం ఉండరు" అన్నడు. మంచి మాటే చెప్పిననుకున్నడు!

అవుతల పిడి పట్టిన ఇద్దరాడోళ్ళు ఆగిపోయిండ్రు. నీలవ్వ వాళ్ళ దిక్కు చెయ్యి సూపిచ్చింది. "ఇనుండ్రే. మీ ఇద్దరి నోట్ల గూడ మన్ను కొట్టనీకె మిషన్ తెస్తడట. నువ్వు చదివింది గిదేనా? చెయ్యి కనవడితే సాలు, దాన్ని తీసి పారేసుడేనా?"

గా మాట ఆయనకు తాకింది. ఆఫీసుల గూడ గట్లనే అయింది మరి. ఓ ప్రోగ్రాం రాసి ఇచ్చినంక అవుతలి గదిల చేత్తోటి లెక్కలు రాసే ముసలాయన మళ్ళ కనవడలే. కొత్త జాగ దొరికిందని సంబురపడి ఆయన టేబుల్ గుంజుకున్నది ఈయనే. ఎటు పోయిండని ఎన్నడు అడగలే. పిడి ఇడిసిపెట్టి అన్న కాడికి పోయిండు.

"అన్నా, నీలవ్వను పిలువు."

"నువ్వున్నవు గద."

"నేను రెండు నెలలకు పోత. ఆమె ఎటు పోవాలె?"

"ఊకెనే తిప్పేటోడుంటే కైకిలి ఎవడిస్తడురా? దునియా ఎక్కడికో పోయిందని నువ్వే చెప్పినవ్. నేను గూడ పోతున్న."

మర్నాడు పొద్దుగాల భూమేశ్వర్ డ్రమ్ము మీదికెక్కి కూసున్నడు. కాలు పిడికి అడ్డం పెట్టిండు. "నీలవ్వ, గంగమణి వస్తెనే దిగుత" అన్నడు. గా దినమే సరుకు పాలిష్ చేసి పెడితే మాపటికి రామకిష్టయ్య సేటు లారీ పంపుతడు. దాటితే ఇంకోలది తీసుకుంటడు.

కూసోవద్దని డాక్టర్ చెప్పిన మనిషి! ఇనుప డ్రమ్ము మీద, మార్చి ఎండల. జర సేపటికే నడుముకెళ్ళి మడిమె దాకా కరెంటు తీగ గుంజినట్టయింది. ఇట్ల ఇంకో గంట కూసుంటే మళ్ళ లేవనో ఏమో, నౌకరి పోతదో ఏమో అని లోపట గుబులు. దిగితే మళ్ళ ఎన్నడు గూడ అన్న ముంగట, నీలవ్వ ముంగట నిలబడరాదని ఇంకో గుబులు.

తల్లి మంగవ్వ సెంబుతోటి నీళ్ళు పట్టుకొచ్చింది. "దిగురా, నడుమిరిగితే నిన్ను నేను మొయ్యాల్నారా?"

"అన్నకు చెప్పే అవ్వా."

"వాడికి చెప్తే నువ్వు, నీకు చెప్తే వాడు. ఇద్దరిని ఒక్క కడుపున కన్నందుకు నన్ను తన్నాలె."

"కూసోనియ్యే అవ్వా. కుర్సీ అలవాటైనోడు, దిగుతడా?" అని దేవన్న బీడీ ముట్టిచ్చిండు.

పొద్దు నెత్తి మీదికొచ్చినంక సేటే స్కూటర్ మీద వచ్చిండు. డ్రమ్మును చూసిండు, మీద కూసున్నోడిని చూసిండు. "ఏం దేవన్న, తమ్మున్ని గుడ్లు పొదగ పెట్టినవా?" అన్నడు. కల్లం అంచుకు గుమిగూడినోళ్ళు ఇకఇక నవ్విండ్రు. దేవన్న మొకం నల్లబడ్డది. బీడీ పారేసి, "పిలువుండ్రి గా నీలవ్వను. గంగమణిని గూడ పిలువుండ్రి" అని ఒర్రిండు. తమ్ముని దిక్కు తిరిగి, "నా కల్లం నీ కసరత్ చేసే తాలీం కాదు. ఇగ ఈడ కాలు పెట్టకు. నువ్వు నాకు లేవు, నేను నీకు లేను" అన్నడు.

భూమేశ్వర్‌ను ఇద్దరు పట్టి దింపిండ్రు. సక్కగ నిలబడనీకె రాలే. నీలవ్వ వచ్చి పిడి పట్టుకున్నది గని ఆయన మొకం చూడలే. దండం పెడ్తదేమో, ఒక్క మంచి మాటంటదేమో అని ఆయన చూసిండు. ఆమెకు తెలిసిపోయింది.

"ఏం చూస్తున్నవ్? నువ్వు చేసిన గలీజు నువ్వు తుడిచినవ్. దానికి నేను మొక్కాల్నా?" అన్నది. రెండు సుట్లు తిప్పినంక మళ్ళ తనే అన్నది. "మీ దొడ్డెనుక మీ నాయినకాలపు చిన్న డ్రమ్ము తుప్పు పట్టి ఉన్నది. నీకు గావాల్సింది చెమటే గద, పసుపు కాదు గద. రాళ్ళు పోసుకొని తిప్పుకో. ఆర్మూర్ల రాళ్ళకేం కరువు?"

ఎక్కిరిచ్చనీకే అన్నది. భూమేశ్వర్ మాత్రం నిజంగనే చేసిండు. వారం మంచానికే పడ్డంక లేసి, దొడ్లనే డ్రమ్ముకు నూనె పెట్టి, గుట్ట కింది గులకరాళ్ళు ఏరి పోసిండు. మొదటి దినం పిడికెడే. డాక్టర్ మెల్లగన్నది గీసారి పూర్తిగ ఇన్నడు. దినాం కొంచెం కొంచెం పెంచిండు. గా సప్పుడుకు వాడ మొత్తం లేసేది. దేవన్న తిట్లు, కుక్కల అరుపులు, డ్రమ్ము మోత, పొద్దుగాల్నే పెర్కిట్ల లొల్లే లొల్లి. చూడనీకె వచ్చినోళ్ళు గోడ మీద కూసొని, "భూమేశన్నా, నా పండ్లకు గూడ జర పాలిష్ పెట్టరాదే" అని మొత్తుకునేది. మనకు పిచ్చి కథ దొరికింది గాడికెళ్ళే.

జూన్ మొదటి వానకు బాయిల నీళ్ళ బక్కెట్ తనే తోడి మోసిండు. డాక్టర్ చూసి, పో, గని గంటకొక్కసారి లేసి నడువు, లేకపోతే మళ్ళ మొదటికే వస్తవన్నడు. బస్సెక్కేనాడు దేవన్న పొలంలనే ఉన్నడు, రాలే. మంగవ్వ సద్ది కట్టిచ్చింది. మార్కెట్ దిక్కు పోతున్న నీలవ్వ బస్సు కిటికీ కాడ ఆగి, "కుర్సీ దొరికిందని దానికే అతుక్కపోకు చిన్న పటేలా. గీసారి గుంజనీకె మేమెవ్వలం రాం" అన్నది.

ఇప్పుడు డిసెంబర్ నడుస్తుంది. రెండు సున్నలు రానీకె ఇంకెన్ని దినాలు లేవు. గసోంటి పని చేసేటోళ్ళందరు ఆఫీసుల్లనే తిని ఆఫీసుల్లనే పంటున్నరట. మంగవ్వ ఎస్టీడీ డబ్బా కాడికి పోయి ఫోన్ చేస్తే, "సార్ సీట్ల ఉన్నరు, లేసే ఛాన్స్ లేదమ్మా" అని ఎవ్వలో పోరి పెట్టేసింది. గా మాట ఇన్నప్పటిసంది ముసల్దానికి ముద్ద దిగుతలేదు. దేవన్ననడిగితే, "లేనోని సంగతి నన్నడుగుతవేందే" అని మొకం తిప్పుకుంటుండు. ఊరోళ్ళకు నవ్వుడుకే తీరికుంది. మీలో ఎవ్వలన్న హైదరాబాద్ పోతే, అమీర్‌పేట్ చౌరస్తా కాడ కింద టిఫిన్ సెంటరు, మీద కంప్యూటర్ బోర్డులున్న బిల్డింగుంటది, మూడో అంతస్తు. పెర్కిట్ భూమేశ్వర్ అంటే చెప్తరు. ఊకె మాట్లాడి రాకుండ్రి. రెక్క పట్టి కుర్సీలకెళ్ళి లేపుండ్రి, మెట్లు దిగి చాయ్ కాడికి నడిపియ్యుండ్రి, నడుము సక్కగ ఉన్నదా వంగిందా మీ కండ్లతోటి చూడుండ్రి. చూసింది చూసినట్టు వచ్చి మంగవ్వకు చెప్పుండ్రి.